రాజుగారి ముంతెడు నీళ్లు

ఉద్దానం మొత్తం మీద నీళ్లు తాగడంలో ఈశ్వరరావును మించిన మొనగాడు లేడు. ఒకసారి ఎండన పడి వజ్రపుకొత్తూరు నుంచి నడిచొచ్చి, బోరింగు దగ్గర నిండు బిందె ఎత్తినవాడు ఎత్తినట్టే దించకుండా తాగేశాడు. ఆ పూట సగం ఊరికి నీళ్లు చాలలేదు. ఇందులో ఒక్క చుక్క కూడా అబద్ధం లేదు.

అలాంటి ఈశ్వరరావు మొన్న వేసవిలో, మధ్యాహ్నం మూడింటప్పుడు, రామమందిరంలో పురాణం సగంలో ఉండగా లేచి నిలబడ్డాడు.

"పంతులుగారూ, ఆగండి. ఆ రాజుని తాగనివ్వండి."

జనం నవ్వారు. పురాణం చెబుతున్న ఫణీంద్ర కోనసీమ నుంచి వచ్చిన కుర్ర పండితుడు. కథ ఎత్తుకున్నాడంటే అది జరిగిన దేశమేది, కాలమేది, అప్పుడు గాలి ఎటు వీచింది, అన్నీ చెప్పందే ముందుకు కదలడు. ఆ రోజు కథలో రాజు నలభై ఎనిమిది రోజులుగా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆఖరికి ముంతెడు నీళ్లు దొరికాయి. నడివేసవి, కాలు పెట్టలేని ఇసుక, కొత్త మట్టి ముంత, దాని ఒంటికి చెమట పోసినట్టు సన్నటి చుక్కలు. అందులో ఒక చుక్క జారి రాజు మణికట్టు మీద పడిందని కూడా చెప్పాడు ఫణీంద్ర. ఈశ్వరరావు లేచింది అక్కడే.

"తాగేస్తే ఇంక కథేముందండీ?" అన్నాడు ఫణీంద్ర. "ఇప్పుడు దాహంతో ఒకడు వస్తాడు. రాజు ఆ నీళ్లు వాడికి ఇచ్చేస్తాడు."

"ఇచ్చేత్తాడని నాకూ తెలుసు. సిన్నప్పటి నుంచీ ఇంటన్నాను. ఎవులు సెప్పినా ముంతెడు నీళ్లు అనీసి ముందుకెల్లిపోయీవోరు. మీరేటి, అంత సల్లగా సెప్పి, నోటి కాడికి తెచ్చి లాగీసుకుంటే ఎలాగ? ఈ ఒక్క పాలికీ తాగనీండి."

"కూకో మావా," ఆడవాళ్ల వైపు నుంచి ఆయన భార్య బొడ్డమ్మ అంది. "పురానం మద్దెన ఏటా యాగీ?"

"రాజుగారి తరపున మా మావ వకీలు దిగినాడు," అన్నాడు పక్క తోట ఢిల్లీబాబు. జనం మళ్లీ నవ్వారు.

ఫణీంద్రకి రోషం వచ్చింది. "పెద్దాయనా, కథ వింటే సరిపోదు. దాని నేపథ్యం తెలియాలి. ఆ దాహం ఎలాంటిదో తెలిసినవాడికే ఆ దానం అర్థమవుతుంది. ఇంట్లో కడుపునిండా నీళ్లు తాగొచ్చి కూర్చున్నవాళ్లకి ఏం తెలుస్తుంది?"

నవ్వుతున్నవాళ్లు నవ్వుతున్నట్టే ఆగిపోయారు. ఢిల్లీబాబు ఏదో అనబోతే ఈశ్వరరావు చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో చేతిలో ఆయన నీళ్ల సీసా ఉంది. దాని మీద పెన్నుతో గీసిన గీతలు. పొద్దుటికి ఇంత, మధ్యాహ్నానికి ఇంత, రాత్రి మాత్రలకి ఇంత. మధ్యాహ్నం గీత దాటిపోయి అప్పటికే గంటయింది.

మాట తూలానని అనిపించింది కాబోలు, ఫణీంద్ర తన కోసం చెక్కి పెట్టిన కొబ్బరి బొండం తీసుకుని, తనే లేచి వచ్చి ఈశ్వరరావు చేతిలో పెట్టాడు. "కోపం వద్దండీ. ముందు గొంతు తడుపుకోండి. మీ ఊరి బొండమే."

ఊరిదేమిటి, అది ఈశ్వరరావు తోటలోదే. పొద్దున్నే పాలేరు సోములు చెట్టెక్కి దింపిందే. నాలుగేళ్లుగా ఆ ఊళ్లో ఎవరూ ఆయన చేతికి బొండం ఇవ్వలేదు. తాగుతున్నవాళ్లు కూడా ఆయన ఎదురుపడితే వీపు వెనక్కి దాచేసుకుంటారు.

ఈశ్వరరావు బొండాన్ని మొహం దగ్గరకు తెచ్చుకున్నాడు. పచ్చి వాసన. లోపల నీళ్లు కదిలిన చప్పుడు. బొడ్డమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ వద్దనలేదు.

"సోములూ, ఇటు రా."

"ఏటి బాబూ?"

"ఇది తాగు."

"నీ ముందర నేనెలాగ తాగుతాను బాబూ?"

"తాగరా. నేను సూత్తాను."

సోములు తాగాడు. గుటక పడినప్పుడల్లా ఈశ్వరరావు గొంతు కూడా కదిలింది.

ఫణీంద్ర బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. బొడ్డమ్మే చెప్పింది. "వారానికి మూడు పాలీలు పలాస ఎల్లి డయాలసిస్ సేయించుకొత్తాడు పంతులుగారూ. రోజుకి ముప్పావు లీటరే. బొండం నీళ్లయితే అసలు ముట్టకూడదన్నారు."

"ఎప్పుడో పోయిన రాజుకి ఏ గాలి తగిలిందో సెప్పినారు గానీ," అన్నాడు ఢిల్లీబాబు, "ఎదురుగా కూకున్నోడి సంగతి అడగనేదు."

ఫణీంద్ర వెళ్లి తన పీట మీద కూర్చున్నాడు. తర్వాత పుస్తకం మూశాడు.

"రాజు ముంత ఎత్తాడు," అన్నాడు. "దారి వైపు చూశాడు. ఆ పూట దాహమంటూ ఎవరూ రాలేదు. మొదటి గుక్క నాలుక మీద ఆగింది. రెండోది గొంతంతా తడిపింది. మూడోదానికి చల్లదనం గుండెల దాకా దిగింది."

అలా ముంత అడుగు కనబడేదాకా తాగించాడు. ఈశ్వరరావు కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక మీసం తుడుచుకున్నాడు.

ఇక నిజాలు. బోరింగు దగ్గర ఎత్తింది బిందె కాదు, చెంబు. అందులోనూ సగం మీసాల మీంచి చొక్కాలోకే పోయింది. బొండం నిజం, సోములు నిజం, సీసా నిజం. ఆ తర్వాతిది మాత్రం కల్పన. ఫణీంద్ర పుస్తకం మూయలేదు. అందులో ఉన్నది ఉన్నట్టే చదివి, రాజు చేత ఆ నీళ్లు దానం చేయించేసి, మర్నాడు బస్సెక్కి వెళ్లిపోయాడు. రాజుకి తాగించింది, రాత్రి మాత్రల కోసం రెండు గుక్కలు మిగిల్చిన సీసాను పక్కన పెట్టుకుని ఈ కథ రాసిన ఈశ్వరరావే.