తెల్లరంగు కింద

మరకలు మళ్ళీ పైకొచ్చాయి.

రెండు. పక్కపక్కనే. నిన్న మందంగా పూసిన తెల్లరంగులోంచి, టీ ఒలికినట్టుగా.

ఆమె బ్రష్ పక్కన పెట్టి, దూరం జరిగి చూసింది.

"కళ్ళలా లేవూ?" అన్నాడు బావ వెనకనుంచి.

"మీరు ఊరుకోండి బావా. పోస్టర్ మీది చవక సిరా. తడి తగిలితే పైకొస్తుంది."

"ఎన్నిసార్లు పూసినా వస్తున్నాయిగా. ఎవడో చచ్చిపోయినవాడి పోస్టర్ అంటించుంటావు. వాడు నిన్ను చూడ్డానికి లేస్తున్నాడు."

"లేస్తే మీకే మంచిది. ఫ్రేములు మోయడానికి మనిషి దొరుకుతాడు."

ముందు గది బావ ఫ్రేముల షాపు. వెనక గది ఆమెది. గోడల మీది పోస్టర్లు ఒలిచి తెచ్చి చెక్కబోర్డుకి అంటిస్తుంది. వాటి మీద రోలర్‌తో అచ్చులు, అచ్చుల మీద స్టెన్సిల్ అట్ట పెట్టి ఆకులు, ఆపైన రంగు. పోస్టర్ అంచులు కత్తెరతో కత్తిరించదు, చేత్తో చింపుతుంది. అంటించడం ఎప్పుడూ తలకిందులుగానే. అక్షరాలు తిన్నగా ఉంటే జనం బొమ్మ చూడరు, చదువుకుని పోతారని ఆమె నమ్మకం.

ఈ బోర్డు ఆమె మొదటి ప్రదర్శనకి వెళ్ళాలి. సాయంత్రం వ్యాన్ వస్తుంది. తెల్లరంగు మధ్యలో నల్లపిట్టల స్టెన్సిల్ వేస్తే అయిపోయేది. సరిగ్గా అక్కడే ఈ మరకలు.

షాపు గుమ్మం దగ్గర అలికిడైంది.

"వచ్చాడు నీ అభిమాని," బావ గొంతు తగ్గించాడు.

ఆ పెద్దాయన నాలుగు రోజులుగా వస్తున్నాడు. చొక్కా గుండీ ఒకటి తప్పిపోయి, మిగతావన్నీ పక్క కాజాల్లోకి పోయాయి. కాళ్ళకి రెండు వేర్వేరు చెప్పులు. ఎవరినీ పలకరించడు. తిన్నగా వెనక గదిలోకి వచ్చి, ఈ ఒక్క బోర్డు ముందే నిలబడతాడు. చెవి భుజానికి ఆనేంతగా తల వాల్చి చూస్తాడు.

"ఏం పెద్దాయనా, మెడ పట్టేసిందా?" అన్నాడు బావ.

ఆయన నవ్వాడు. "తెలిసినవాడిలా ఉన్నాడు."

"ఎవరు?"

"లోపలున్నాయన."

బావ మరదలి వంక చూశాడు. చెప్పానా, అన్నట్టు.

"లోపల ఎవరూ లేరండీ. పాత కాగితాలు," అందామె. "మీ ఇల్లెక్కడ?"

"ఇంటికే వెళ్తున్నానమ్మా. ఈ వీధే. ఆకుపచ్చ గేటు ఉండాలి. తీసేశారా?"

"ఈ వీధిలో అలాంటి గేటు లేదండీ."

"అపార్టుమెంటు కట్టకముందు ఉండేదేమో," గొణిగాడు బావ.

"మా అమ్మాయి ఎదురు చూస్తుంటుంది. నేను వెళ్తేగానీ ముద్ద ముట్టదు."

"నంబర్ చెప్పండి, ఫోన్ చేస్తాను."

ఆయన జేబు తడుముకున్నాడు. ఖాళీ చేతిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత బోర్డు వైపు చూపించాడు.

"ఆయన్ని అడుగు. ఆయనకి తెలుసు."

ఆమె తనకి తెలియకుండానే బోర్డుకి ఒక అడుగు దూరం జరిగింది. భయపడ్డందుకు తన మీద తనకే వచ్చిన కోపం ఆయన మీదకి మళ్ళింది.

"ఇంక వెళ్ళండి. నాకు పనుంది."

"ఆయన మీద మళ్ళీ పూస్తావా?"

"పూస్తాను."

"ఊపిరాడదేమోనమ్మా."

బావ ఆయన మోచెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి నడిపించాడు. కాసేపటికి తిరిగొచ్చాడు.

"పోలీస్ స్టేషన్లో అడగమని కుడివైపు చూపించాను. సరేనని ఎడమవైపు వెళ్ళాడు."

ఆమె ఇంక పూయలేదు. స్పాంజి తడిపి తెల్లరంగుని నానబెట్టింది. రంగులు కలిపే కత్తితో గీకింది. తెల్లపొర ముడతలుపడి లేచింది. దాని కింద ఆకులు, ఆకుల కింద అచ్చులు, వాటి కింద కాగితం.

మరకలు నిజంగా కళ్ళే.

కళ్ళకి కింద కనుబొమలు. పైన ముక్కు.

మేకులు కొడుతున్న బావ సుత్తి ఆపి వచ్చాడు. "అలాగే వదిలెయ్. భయంగా ఉంది గానీ బాగుంది. ఎవరితను?"

"ఎవరికి తెలుసు, నేను చదవలేదు. పోయిన వారం ఎదురుగోడ మీద వరసగా అంటించారు. అప్పటికింకా జిగురు ఆరలేదు, చక్కగా ఊడొచ్చాయి. అన్నీ తెచ్చేశాను."

"అన్నీనా?"

"అంత మందం కాగితం మళ్ళీ దొరకదు బావా. మిగతావి ముక్కలు చేసి నానబెట్టి, గుజ్జు చేసేశాను."

మాట్లాడుతూనే ఆమె తల కొంచెం పక్కకి వాల్చింది. మొహం పోల్చుకోవడానికి ఇంకొంచెం వాల్చింది. చెవి భుజానికి తగిలింది.

అలాగే ఉండిపోయింది.

తను ఎవరిలా నిలబడిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

"బావా," అంది. "ఆ చివర పట్టుకోండి."

"ఎందుకు?"

"పట్టుకోండి."

ఇద్దరూ కలిసి బోర్డుని తిప్పి నిలబెట్టారు. బావ ఒక్క క్షణం చూశాడు. చెప్పులైనా వేసుకోకుండా షాపులోంచి వీధిలోకి, ఎడమవైపుకి పరుగెత్తాడు. "పెద్దాయనా, పెద్దాయనా" అన్న పిలుపు దూరమవుతూ వినిపించింది. దానికి జవాబు వినబడలేదు.

బోర్డు మీద, గుండీలన్నీ సరిగ్గా పెట్టుకున్న చొక్కాలో, ఆ పెద్దాయన తిన్నగా ఆమె వంకే చూస్తున్నాడు. ఫోటో కింద 'మా నాన్నగారు కనబడుట లేదు, తెలిసినవారు ఈ నంబరుకు' అన్నంతవరకే ఉంది, ఆ తర్వాత ఆమె చేత్తో అందంగా చింపిన అంచు.