ఇంటి ముందు చోటు

నాన్న ఉన్నప్పుడు మా తొమ్మిది మందికీ ఒకటే కారు. ఆ తర్వాత కువైట్ బాగా అభివృద్ధి చెందింది. ఇప్పుడు శుక్రవారం అమ్మ ఇంటికి భోజనానికి ఏడుగురు పిల్లలం ఏడు కార్లలో వస్తాం.

ధారీ అన్నయ్య ఎప్పుడూ ఆఖరున వస్తాడు. అప్పటికి వీధి నిండిపోతుంది. నాలుగు చుట్లు తిరిగి, ఫోన్ చేసి వెళ్ళిపోతాడు. రెండు వీధుల అవతల చోటుంటుంది గానీ, అంత దూరం నడవడం మా వంశంలో లేదు.

ఆ శుక్రవారమూ ఫోన్ వచ్చింది.

"చోటు లేదమ్మా. వచ్చే వారం చూద్దాంలే."

"నీతో కూర్చుని తిని ఆర్నెల్లయిందిరా."

"పోనీ, గుమ్మం ముందు హారన్ కొడతా. మచ్‌బూస్ అన్నం పళ్ళెంలో పెట్టి పట్టుకొచ్చెయ్."

కిరాణా కొట్టు దగ్గర మేమందరం చేసేదదే. హారన్ కొడితే కొట్టువాడే సరుకు కారు దగ్గరికి తెస్తాడు.

హారన్ మోగింది. అమ్మ పళ్ళెంతో వెళ్ళి, తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుంది.

"ఇదేంటమ్మా?"

"నువ్వు తిప్పరా. చోటు దొరికేదాకా నేను తినిపిస్తా."

గంటన్నర తిరిగారు. నలభై కిలోమీటర్లు, ఐదు లీటర్ల పెట్రోలు. లోపల మేం ఆరుగురం అన్నం చుట్టూ కూర్చుని ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకున్నాం.

మరుసటి శుక్రవారం అన్నయ్య కోసం ఇంటి ముందు చోటు వదిలి, నేను దూరంగా కారు పెట్టి నడిచొచ్చాను.

అన్నయ్య ఆ చోటు చూశాడు. దాన్ని దాటి వెళ్ళి, ఒక చుట్టు తిరిగొచ్చి, హారన్ కొట్టాడు.

అమ్మ అప్పటికే పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది.