నమ్ముకున్న పిస్తోలు

ఓక్లహామాలో పట్టపగలు తన టీవీ ఎత్తుకుపోతున్న దొంగకు వెర్నన్ పిస్తోలు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. పేలలేదు. తూటా లోపలే ఇరుక్కుంది.

దొంగ టీవీ కింద పెట్టాడు. "ఇటివ్వు అన్నా. పైన ఒక్కటిస్తే కదులుతుంది."

వెర్నన్ ఇచ్చాడు. దొంగ పైన ఒక్కటి కొట్టాడు. కదల్లేదు.

"కొని తప్పు చేశాను," అన్నాడు వెర్నన్. "ఇంటర్నెట్‌లో అందరూ తెగ పొగిడారు."

"పొగిడిన వాళ్లలో నేనూ ఉన్నాలే. నేను కొన్న ఇలాంటిదే అమ్ముడుపోవాలిగా."

ఇద్దరూ కాసేపు ఆ కంపెనీని తిట్టుకున్నారు. దొంగ మళ్లీ టీవీ ఎత్తుకుంటే వెర్నన్ తలుపు తీసి పట్టుకున్నాడు.

"నీ ట్రక్కు మీద ఆ కంపెనీ స్టిక్కర్ ఉంది చూడు, ముందది పీకెయ్యి," అన్నాడు దొంగ. "ఈ వీధిలో తుపాకి లేని ఇల్లు లేదు. ఎక్కడ దూరాలా అని తిరుగుతుంటే అది కనబడింది."