తేలిక డబ్బా

"సార్, ఇది వద్దు. మీ గ్రాఫిక్స్ కార్డుకు ఇది చాలదు," అన్నాడు కిషన్ రావు.

నారాయణగూడలో అతనిది కంప్యూటర్ల షాపు. కౌంటర్ మీద రెండు ఎస్‌ఎంపీఎస్‌లు పెట్టి ఉన్నాయి. కంప్యూటర్ లోపల కూర్చుని దానికంతటికీ కరెంటు అందించే ఇనుప డబ్బాలవి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి, రెండింటి మీదా ఐదు వందల వాట్లనే రాసి ఉంది. విద్యాసాగర్ చెరో చేతిలోకి తీసుకుని చూశాడు. ఒకటి ఇటుకలా బరువుగా ఉంది. రెండోది ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిపోతోంది.

"ఇది పెడితే కాలిపోతదా?" అని తేలికదాన్ని ఎత్తి చూపాడు.

"కాలదు. లోడ్ పడంగనే టక్కున బందైతది. అప్పటిదాంక చేసిన పనంత పోతది. అందుకే బరువున్నది తీస్కోండ్రి అంటున్న."

విద్యాసాగర్ రెండింటినీ కౌంటర్ మీద పెట్టాడు. తర్వాత తేలిక డబ్బాను ముందుకు జరిపాడు.

"ఇదే ఇవ్వు. నాకు ఇట్ల బందయ్యేదే కావాలె."

కిషన్ రావు వింతగా చూశాడు గానీ, కొనేవాడు కోరి అడిగాక చెప్పేదేముంటుందని కవర్లో పెట్టి ఇచ్చేశాడు.

ఆ కంప్యూటర్ విద్యాసాగర్ భార్య నవతది. అశోక్‌నగర్‌లో వాళ్ల ఇంటి ముందుగదిలోనే కూర్చుని, చిక్కడపల్లిలోని ఒక ఫొటో స్టూడియోకు పెళ్లి ఆల్బములు డిజైన్ చేసి ఇస్తుంది. స్టూడియో నడిపే దమయంతి ఈసారి వేసవి ముహూర్తాల ఆల్బములన్నీ నవత ఒక్కదానికే అప్పగించింది. చెప్పిన రోజుకు అందిస్తే విద్యానగర్‌లో కొత్తగా తెరుస్తున్న స్టూడియో ఆమె చేతుల్లో పెడతానంది. పెద్ద పెద్ద ఫొటోలు పాత కంప్యూటర్ మీద కదలడం లేదు. అందుకే కొత్త గ్రాఫిక్స్ కార్డు నవతే కొనుక్కుంది. ఈ డబ్బా సంగతి మాత్రం మీకే బాగా తెలుస్తది, మంచిది చూసి తేండ్రి అని భర్తకు వదిలేసింది.

మంచిదే తెచ్చేవాడేమో. కానీ కిందటి వారం స్టూడియోకు వెళ్తే అక్కడివాళ్లు లేచి కుర్చీ వేసి, "నవత మేడం వాళ్ల సారు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ మాట విద్యాసాగర్‌కు మింగుడు పడలేదు.

కొత్త డబ్బా బిగించిన సాయంత్రమే కంప్యూటర్ ఆగిపోయింది. పెళ్లికూతురి తలంబ్రాల ఫొటో సగం సర్దుతుండగా తెర నల్లబడింది. నవత తల పట్టుకుంది. పక్కనే టీ తాగుతున్న విద్యాసాగర్‌కు ఆ గుక్క ఎప్పటికన్నా తియ్యగా దిగింది.

ఆ తర్వాత అది రోజూ జరిగే పనైపోయింది. అతను ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, టీ గ్లాసుతో కుర్చీలో కూర్చోవడం, చూస్తుండగానే తెర ఆరిపోవడం. అతను లేచి కాబినెట్ మూత తీసి, ఏదో వెతుకుతున్నట్టు దుమ్ము ఊదేవాడు. జర రెస్ట్ తీసుకో అని భుజం తట్టేవాడు. ఆ సాయంత్రం వేళ కోసం ఆఫీసులో గడియారం చూసుకోవడం కూడా మొదలైంది.

ఒకసారి నవత అతని వైపు తిరిగి కూర్చుంది.

"ఆ డబ్బాలనే ఏమన్న తప్పున్నదా? మీరే చెప్పుండ్రి."

"దాంట్ల ఏం తప్పు లేదు. అన్నిట్లకెల్ల మంచిది ఏరి తెచ్చిన. నువ్వే ఏదో తప్పు నొక్కుతున్నవ్."

నవత చాలాసేపు అతని మొహంలోకే చూసింది. తర్వాత, నాదే తప్పయి ఉంటది అని మెల్లగా అంది. మర్నాడు అతను ఆఫీసు నుంచి దమయంతికి ఫోన్ చేసి, మా ఆవిడతోని ఈ పని అయ్యేటట్టు లేదు, ఇంకెవరికన్న ఇచ్చుకోండ్రి అని సలహా కూడా చెప్పాడు. ఆమె "అట్లనా అన్నా?" అని మాత్రం అడిగి ఫోన్ పెట్టేసింది.

ఆల్బములు ఇవ్వాల్సిన రోజు వచ్చింది. విద్యాసాగర్ ఆఫీసు నుంచి వస్తూ చిక్కడపల్లిలో ఆగి వేడివేడి మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాడు. ఇంటికి వచ్చేసరికి కంప్యూటర్ ఆపేసి ఉంది. నవత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పోనీ నవతా," అన్నాడు పొట్లం ఆమె ముందు విప్పుతూ. "గిది అందరితోని అయ్యే పనా? ఇంట్ల నిమ్మలంగ ఉండు. ఆ కంప్యూటర్ అమ్మేద్దాం."

ఆల్బములన్నీ పొద్దున్నే స్టూడియోలో ఇచ్చేశానని నవత చెప్పింది. దమయంతికి నచ్చాయని, విద్యానగర్ తాళాలు ఇచ్చిందని చెప్పింది. ఆ స్టూడియో పైన ఒక గది ఉందట. ఇకనుంచి అక్కడే ఉంటుందట, ఒక్కతే. చెబుతూనే లోపలికి వెళ్లి, సర్ది పెట్టుకున్న బట్టల సంచి తెచ్చుకుంది.

అన్ని మాటల్లో విద్యాసాగర్ బుర్రకు ఎక్కింది ఒక్కటే.

"ఈ కంప్యూటర్ మీద ఎట్ల అయినయ్?"

"రెండోనాడే కిషన్ రావు షాపుకు పోయిన. నువ్వు ఏం అడిగి కొన్నవో చెప్పిండు." పెళ్లయినప్పటి నుంచి ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. "నమ్మబుద్ధి కాలే. బరువున్నదే తెచ్చి పెట్టిచ్చిన. నువ్వు వచ్చేదాంక పొద్దంత చేసుకున్న."

"అబద్ధం చెప్పకు. నిన్న సాయంత్రం గూడ నా కండ్ల ముంగటనే బందైంది."

నవత గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగింది.

"ఒక్కనాడన్న నీ మొహం చిన్నబోతదేమో చూద్దామని, టేబుల్ కింద కాలితోని రోజు స్విచ్ బంద్ చేసింది నేనే."