ఫైళ్ళావిడ

“ఈ జవాబు రాసిందెవరు?”

యజమాని గొంతు విని ఉత్తరాల మాస్టారు లేచి నిలబడ్డాడు.

తోలు గ్లౌజులు కుట్టి విదేశాలకు పంపే ఆ కంపెనీలో, సరుకు గురించి ఎక్కణ్ణుంచి ఎంక్వయిరీ వచ్చినా జవాబు రాసేది ఆయనే. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీ ఆయనదే, ఆ పేరూ ఆయనదే.

“నేనేనండీ,” అంది మూల బల్ల దగ్గరావిడ.

ఫైళ్ళు సర్దడానికి మూడు నెలలకని తీసుకున్న మనిషి. యాభై దాటి ఉంటాయి. ఊరికి కొత్త. చెల్లెలింట్లో ఉంటూ, ఊరికే కూర్చోలేక పనికి వచ్చానంది.

పోయిన నెల మాస్టారు జ్వరంతో మంచం పట్టినప్పుడు, ఓడలు బాగుచేసే కంపెనీ ఒకటి కేటలాగు పంపమని రాసింది. ఈవిడ కేటలాగుతో పాటు రెండే రెండు వాక్యాలు రాసి పంపింది.

“మీ వాళ్ళు పట్టుకునేది వేడి ఇనుమా, తడి తాళ్ళా? అది తెలిస్తే సరిపోయే తోలు చెబుతాం.”

“తిరుగు టపాలో ఆర్డరిచ్చారు!” యజమాని నవ్వాడు. “మాస్టారూ, మీకెప్పుడైనా తట్టిందా ఈ ప్రశ్న?”

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎక్కడ నేర్చుకున్నారేమిటి?” అన్నాడు ఆవిడతో, పుల్లవిరుపుగా.

“పనిలోనేనండీ.”

‘ఏ పనిలో? ఫైళ్ళకు తాళ్ళు కట్టే పనిలోనా?’ అని లోపలే పళ్ళు నూరుకున్నాడు.

“ఏమిటండీ, మొహం అలా మాడిపోయింది?” అంది ఇంట్లో భార్య.

అంతా చెప్పాడు.

“ఇంతకీ ఆవిడ రాసింది బాగుందా, లేదా?”

“బాగుంది. అదేనే నా బాధ!”

ఆ రోజు నుంచి ఆవిడ కూర్చుంటే తప్పు, నిలబడితే తప్పు. ఎవరైనా ఆ మూల బల్ల దగ్గర ఆగి రెండు మాటలు మాట్లాడితే చాలు, ఈయన తన కుర్చీలోంచే గట్టిగా దగ్గేవాడు.

అంతలో ఒక పెద్ద కంపెనీ నుంచి ఎంక్వయిరీ వచ్చింది.

“ఏడాది పొడుగునా సరుకు కావాలట! ఇద్దరూ కలిసి కూర్చుని రాయండి,” అంటూ యజమాని దాన్ని మాస్టారి చేతిలో పెట్టాడు.

మాస్టారు తలైతే ఊపాడు గానీ కలిసి కూర్చోలేదు. ఒక్కడే నాలుగు పేజీలు దంచి, ఆ సాయంత్రమే పోస్టు చేసేశాడు.

మర్నాడు ఆవిడే వచ్చింది.

“వాళ్ళ ఉత్తరం ఒకసారి చూడొచ్చాండీ?”

“జవాబు వెళ్ళిపోయింది.”

“అయ్యో! ఆ కంపెనీ గురించి మీకొక మాట...”

“మీకు ఫైళ్ళ పని లేదా అమ్మా?”



“ఉందండీ,” అని వెనక్కి వెళ్ళిపోయింది.

మూడు నెలలూ నిండాయి.

“ఆవిణ్ణి ఉంచుకుందామా?” యజమాని మాస్టారినే అడిగాడు.

“ఎందుకండీ? ఏదో గుడ్డి దెబ్బ తగిలింది, అంతే.”

వెళ్తూ ఆవిడ మాస్టారి బల్ల ముందు నిలబడి “వెళ్ళొస్తానండీ” అంది.

మాస్టారు ఫైల్లోంచి తలెత్తలేదు. ఆ సాయంత్రం మాత్రం ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

పది రోజులకు ఆ పెద్ద కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

“చదవండి మాస్టారూ, ఏమంటారు వాళ్ళు?” యజమాని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

“‘మీ జవాబు అందింది. సరుకు వేరే చోట కొంటున్నాం. మీకు రాయడానికి కారణం ఒక్కటే. మా దగ్గర రిటైరై మీ ఊరు వచ్చినావిడ మీ ఆఫీసులోనే పనిచేస్తూ, మీ కుట్టు గట్టిదని మాకు రాశారు. మాకు కావలసిన కొలతలు ఆవిడకు తెలుసు, మీకు చెబుతారనుకున్నాం. మీ జవాబులో అవేవీ లేవు...’”

“ఊఁ, ఆపారేం?”

“‘మీ దగ్గర ఉత్తరాలు రాసే పెద్దాయన సరుక్కి లేని గొప్పలు అంటగట్టరనీ, ఆయన మాట కళ్ళు మూసుకుని నమ్మొచ్చనీ కూడా ఆవిడే రాశారు.’”

ఇంకా ఒక్క వాక్యం మిగిలింది. అది చదివేసరికి మాస్టారి గొంతు పక్కవాళ్ళకు కూడా వినిపించలేదు.

“‘ఇరవై రెండేళ్ళు, ప్రపంచం నలుమూలల నుంచి మాకొచ్చిన జవాబులన్నీ ముందేసుకుని, ఎవరి దగ్గర కొనాలో తేల్చింది ఆవిడే.’”