కాగితంలో లేని జవాబు

“నిజం చెప్తానంటే కుదరదు టీచరమ్మా. ఇందులో ఉన్నదే చదవాలి,” అంటూ హెడ్మాస్టరు రెండు పేజీల కాగితం ఆమె ముందుకు తోశాడు.

వీడియో కాల్‌కి ఇంకా పది నిమిషాలున్నాయి. ప్రపంచ పౌరసత్వ పాఠాల గురించి పేద దేశంలో టీచర్లు ఏమనుకుంటున్నారు, డబ్బున్న దేశంలో ఏమనుకుంటున్నారు అని ఎవరో యూనివర్సిటీ వాళ్ళు పోల్చి చూస్తున్నారు. ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు మాట్లాడుకోవాలి. మాటలు నచ్చితే అటువైపు డబ్బున్న బడి ఈ బడిని దత్తత తీసుకుంటుంది.

ఆమె మొదటి వాక్యం పైకి చదివింది. “‘మా పిల్లలందరూ తమను విశ్వమానవులుగా భావిస్తున్నారు.’ సార్, నా క్లాసులో సగం మంది పక్క వీధి పిల్లల్ని బెంచీ మీద కూర్చోనివ్వరు!”

“ఆ ముక్క వాళ్ళకెందుకు? దత్తత అంటూ జరిగితే కొత్త పైకప్పు వేయిస్తారు. వాన పడితే నీ మూడో తరగతి మొత్తం నా గదిలోకొచ్చి కూర్చోవడం లేదూ?”

ఆమె ఏదో అనబోయింది. ఆయన బల్ల సొరుగు మీద వేలితో రెండుసార్లు తట్టాడు. ఆమె కాంట్రాక్టు పొడిగింపు అందులోనే ఉంది, సంతకం లేకుండా. సంతకం పడకపోతే వచ్చే నెల ఆమె టీచరు కాదు. ఈ గదిలో నిజమనేదానికి గిరాకీ లేదని అర్థమై కాగితం అందుకుంది.

తెర మీద నెరిసిన గడ్డం మాస్టారొకాయన కనిపించాడు. వెనక అద్దాల కిటికీలు, వరసగా గ్లోబులు. “మా విద్యార్థులు ప్రపంచంలోని ప్రతి బిడ్డనూ తోబుట్టువులా చూస్తారు,” అన్నాడు తడుముకోకుండా. ఏం ధీమా! అడిగేవాడు లేనిచోట ఎవరైనా అలాగే మాట్లాడతారు అనుకుంది.

తన వంతు తనూ అప్పజెప్పింది. కెమెరాకి కనబడకుండా బల్లకి అవతల కూర్చున్న హెడ్మాస్టరు ప్రతి వాక్యానికీ తలూపాడు.

“మీ పిల్లలు మా గురించి ఏమడుగుతారు?” అన్నాడు గడ్డం మాస్టారు.

ఆమె కాగితం అటూ ఇటూ తిప్పింది. ఈ ప్రశ్నకి జవాబు అందులో లేదు.

“శాంతి... శాంతి గురించి అడుగుతారని చెప్పు!” హెడ్మాస్టరు గుసగుసలాడాడు.

ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది.

“మొన్న ఒక పిల్ల అడిగింది మాస్టారూ. వాళ్ళ నదులూ కొండలూ మనం బట్టీ పడతాం కదా టీచర్, మన గురించి వాళ్ళకెవరైనా చెప్తారా అని. తెలీదన్నాను. ఇందాక నేను చదివిందంతా ఉత్తదే. మా పిల్లలకి పక్క బెంచీ వాడే పరాయివాడు, నేనింకా ఆ పాఠం దగ్గరే ఉన్నాను. మీరైనా నిజం చెప్పండి. మీ క్లాసులో మా గురించి ఏం చెప్తారు?”

హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు. “అయిపోయింది. పైకప్పూ పోయింది, నువ్వూ పోయావ్.”

గడ్డం మాస్టారి చేతులు కీబోర్డు మీద మెల్లగా కదిలాయి. తెర కింది మూలన ఒక మెసేజ్ వచ్చింది. ఉండబట్టలేక హెడ్మాస్టరు కూడా ఇటువైపొచ్చి, మెడ చాచి చదివాడు.

“పాత బట్టలు పోగుచేసి పంపమని చెప్తాం, అంతే. పైకి అనలేను, మా హెడ్మాస్టరు నా ఎదురుగానే కూర్చున్నారు. ఈ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది.”