పప్పులో పడ్డ పెచ్చు

ఇంటి ఓనరు బాలకిషన్ మెట్లెక్కి వచ్చి అరచెయ్యి చాపాడు. అందులో ఒక పెచ్చు ఉంది. దానికి పప్పు అంటుకుని ఉంది.

"రావుగారు, ఇది మా సీలింగుది. నా కంచంల పడ్డది. మీ పోరడు ఎగిరితే, కరెంటు లేకున్నా మా ఫ్యాను తిరుగుతున్నది."

రామచంద్రరావు తల దించుకున్నాడు. అశోక్‌నగర్‌లో పదేళ్ల కాపురం. ఏనాడూ ఒకరి చేత మాట పడలేదు.

కొడుకు నరేంద్ర కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఆట బాగుంది, ఎగరడమే తక్కువన్నాడు కోచ్. పిక్కలకి ఇసుక సంచులు కట్టుకుని గుంజీలు తీయాలి. స్టూలు మీంచి దూకి, కాళ్లు నేలకి తగలగానే మళ్లీ పైకి లేవాలి. ఇదంతా వాడు రోజూ అన్నం తింటూ వర్ణించేవాడు. ఆదివారం నారాయణగూడలో జిల్లా జట్టు సెలక్షన్లు.

"నేను గ్రౌండులనే చేస్తున్న అంకుల్. ఇంట్ల ఒక్కసారి గూడ ఎగరలే," అన్నాడు నరేంద్ర.

"మరి నేనెగురుతున్నానా? షుగరుతో మీ నాన్న ఎగురుతున్నారా?" అంది తల్లి కమలాకుమారి.

అయిదడుగుల రామచంద్రరావుని చూసి బాలకిషన్‌కి కోపంలోనూ నవ్వొచ్చింది. షుగరు వచ్చిందని భార్య సున్నుండల డబ్బాని కర్రతో అటక మీదికి నెట్టేస్తే, స్టూలెక్కి కూడా అందుకోలేకపోయిన మనిషాయన.

"ఇంకొక్క చప్పుడైతే ఇల్లు ఖాళీ చెయ్యున్రి," అని దిగిపోయాడు బాలకిషన్.

కమలాకుమారి ఇసుక సంచుల్ని మూలకి విసిరేసింది. సెలక్షన్లూ వద్దు, ఏమీ వద్దంది. శనివారమే కొడుకుని ముషీరాబాద్‌లో చెల్లెలింటికి పంపేసింది.

"నువ్వన్నా చెప్పు నాన్నా," అంటూ వాడు గుమ్మంలో ఆగాడు.

రామచంద్రరావు పేపర్లో టెండరు ప్రకటన చదువుతూ ఉండిపోయాడు. ఆయన జీవితంలో అంత పొడవు టెండరు ఇంకొకటి లేదు. వడ్డించిన అన్నం కంచంలో అలాగే ఎండిపోయింది.

ఆదివారం సెలక్షన్లు మొదలయ్యే వేళకి కమలాకుమారి కూరగాయలకని చిక్కడపల్లి వెళ్లింది. కాసేపటికి బాలకిషన్ తలుపు కొట్టాడు. ఈసారి పెచ్చుని రెండు చేతులతో మోసుకొచ్చాడు.

"ఏడీ పోరడు?"

"ముషీరాబాద్‌లో ఉన్నాడండి," అన్నాడు రామచంద్రరావు, నేల చూపులు చూస్తూ.

బాలకిషన్ ఆయన మీసానికి అంటిన సున్నుండ పొడిని చూసి, మెల్లగా చూపు కిందికి దించి, లుంగీ కింద పిక్కకి ఇంకా విప్పకుండా ఉన్న ఇసుక సంచి దగ్గర ఆగిపోయాడు.